ముందు అద్దానికి

ఆ ఆదివారం కళ్ళద్దాలాయన వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఆరింటికి లేవడం, ఏడింటికి పాత కారు ముందు అద్దం ఊడదీయడం, ఎనిమిదింటికల్లా కొత్త రబ్బరు పెట్టి ఆ అద్దాన్ని మళ్ళీ బిగించేయడం, తొమ్మిదింటికి స్నానం చేసి కాఫీ తాగుతూ పేపరు చదవడం. నాలుగు గంటల రైలుకి అక్కయ్య వస్తుంది. మూడున్నరకి ఇంటి దగ్గర బయల్దేరితే సరిపోతుంది. మధ్యలో బోలెడంత సమయం మిగిలిపోతోందని, అప్పుడు కాస్త కునుకు తీస్తానని కూడా ఆయన లేచీ లేవగానే భార్యకు చెప్పాడు.

"ఆ కునుకేదో ఇప్పుడే తీసేయండి. తర్వాత కుదరదేమో," అంది ఆవిడ, కుట్టుమిషను దగ్గర నుంచి తల తిప్పకుండా.

కళ్ళద్దాలాయన అసలు పేరు వీధిలో సగం మందికి తెలియదు. వీధి మొదట్లో ముప్పై ఏళ్ళుగా కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతున్నాడు కాబట్టి ఆ పిలుపు అలా స్థిరపడిపోయింది. ఎలాంటి లెన్సునైనా ఎలాంటి ఫ్రేములోనైనా కూర్చోబెట్టగలడని ఆయనకు మంచి పేరు. ఫ్రేమును కాస్త వేడి చేసి, లెన్సును గాడికి ఆనించి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే 'టిక్' మంటుంది. ఆ చప్పుడు వినగానే ఆయన ముఖం వెలిగిపోతుంది. కారు అద్దం మాత్రం అద్దం కాదా? ఈ జోడు పెట్టుకునే ముక్కు కాస్త పెద్దది, అంతే తేడా అని ఆయన లెక్క.

కారు నాన్నది. అక్కయ్యకు పదేళ్ళప్పుడు, ఆయనకు అయిదేళ్ళప్పుడు, ఎవరి దగ్గరో వాడినదాన్ని నాన్న కొనుక్కొచ్చాడు. లేత నీలం రంగు. ముందు సీటు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే పరుపు. వెనక సీటంతా ఖాళీగా ఉన్నా ముగ్గురూ ముందే కూర్చునేవాళ్ళు. నాన్న స్టీరింగు దగ్గర, తమ్ముడు మధ్యలో, అక్కయ్య అవతలి తలుపు పక్కన. వాన వచ్చిందంటే అద్దం మూల నుంచి నీళ్ళు కారి సరిగ్గా అక్కయ్య మోకాలి మీద పడేవి. "ఈ రబ్బరు మార్పించాలి, నెలాఖరుకి చూద్దాం," అని నాన్న ప్రతి వానకీ అనేవాడు. ఆ నెలాఖరు ఎప్పుడూ రాలేదు. అక్కయ్య ఒక తువ్వాలు నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో వేసుకుని, తమ్ముణ్ణి మోచేత్తో నాన్న వైపు జరిపేది. ఆ కారులో తమ్ముడు ఒక్కసారి కూడా తడవలేదు. ఎందుకు తడవలేదో చాలా ఏళ్ళు గడిచాక గానీ అతనికి తట్టలేదు. తట్టినప్పుడు చెప్పడానికి అక్కయ్య దగ్గర లేదు.

దగ్గర లేకపోవడానికి కారణం తన నోరేనని ఆయన గట్టి నమ్మకం. నాన్న పోయిన ఏడాది, అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు, కారు మాట వచ్చింది. అప్పటికి వారం రోజులుగా అది కదలక ఆయన విసిగిపోయి ఉన్నాడు. "ఈ డొక్కుని తుక్కు కింద ఇచ్చి పారేస్తాను," అన్నాడు. అక్కయ్య సగం అన్నం కంచంలో వదిలేసి లేచి చెయ్యి కడుక్కుంది. ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది. ఎనిమిదేళ్ళయింది. ఆ తర్వాత ఫోన్లు లేకపోలేదు గానీ, అన్నీ ఆరోగ్యం ఎలా ఉంది, బాగుంది, ఉంటాను అనే మూడు మాటలతో ముగిసేవి. పది రోజుల క్రితం మాత్రం తనే చేసింది. "ఆదివారం నాలుగు గంటల బండికి వస్తున్నా. కారు ఉంటే తీసుకురా," అని పెట్టేసింది.

ఉంటే! ఆ ఒక్క మాట కళ్ళద్దాలాయన గుండెలో ముల్లులా దిగబడింది. అంటే తను కారును నిజంగానే అమ్ముకున్నాడని అక్కయ్య అనుమానం. కారు ఉండటమే కాదు, చుక్క నీరు కారకుండా ఉండాలి. అదే అంచు సీట్లో అక్కయ్యను పొడిగా కూర్చోబెట్టి ఇంటికి తీసుకురావాలి. అప్పుడు గానీ ఆ కంచం ముందు నుంచి లేచిపోయిన మనిషి తిరిగి వచ్చినట్టు కాదు. వెంటనే పాత కార్ల సామాన్లు అమ్మేవాళ్ళకి రాసి కొత్త రబ్బరు తెప్పించాడు. శనివారం సాయంత్రం పార్సెల్ వచ్చింది. కారు చూసే మేస్త్రి మాత్రం బంధువులను చూడటానికి పొరుగూరు వెళ్ళాడు.

ఆదివారం పొద్దున్నే ఆయన మేస్త్రికి ఫోను చేశాడు.

"వచ్చే వారం నేనే వచ్చి పెడతాను సార్, కంగారెందుకు?" అన్నాడు మేస్త్రి.

"వచ్చే వారం దాకా మా అక్కయ్య రైల్లోనే కూర్చుంటుందా? ఎలా పెట్టాలో చెప్పు, చాలు."

"సరే వినండి. రబ్బరు ముందు అద్దానికి ఎక్కించాలి. ఎక్కించాక ఆ గాడిలో సన్నటి తాడు..."

"ముందు అద్దానికే కదయ్యా! వెనకద్దానికి ఎందుకెక్కిస్తాను? అదేమన్నా కారుతోందా?"

"అది కాదు సార్, నేననేది ముందు..."

"ముందుదే. నాకు తెలుసు. ముప్పై ఏళ్ళ నుంచి అద్దాలు బిగిస్తున్నవాణ్ణి. నువ్వు హాయిగా టిఫిన్ చెయ్యి," అని ఆయన ఫోను పెట్టేశాడు. తాడు సంగతి అక్కడితో గాలిలో కలిసిపోయింది.

పాత రబ్బరు ఎండి రాయిలా బిగుసుకుపోయి ఉంది. దాన్ని బ్లేడుతో కోసి తీయడానికే ఎనిమిదిన్నర అయింది. అక్కయ్య మూల దగ్గర రబ్బరు కింద నుంచి ఏదో రంగు పోయిన పీలిక బయటపడింది. పట్టుకుని లాగితే జానెడు పొడుగున వచ్చింది. జడకు కట్టుకునే రిబ్బను. చినుకు ఆపడానికి ఎప్పుడో అక్కయ్య పుల్లతో లోపలికి కూరి ఉంటుంది. తనకు కొత్త రిబ్బను కొనమని నాన్నను అడగకుండా ఉన్న రిబ్బన్నే కారుకు పెట్టింది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని బానెట్‌కు ఆనుకుని కాసేపు అలాగే నిలబడిపోయాడు. అలా తొమ్మిదైంది.

ఊడదీసిన అద్దాన్ని మెత్తటి చోట పెట్టాలి కదా అని పడకగదిలోకి మోసుకెళ్ళి మంచం మీద బొంతలు పరిచి పడుకోబెట్టాడు.

"మరి నేనెక్కడ పడుకోవాలి?" అంది భార్య.

"సాయంత్రానికి నీ మంచం నీకు వచ్చేస్తుంది. ఒక పెద్ద గిన్నె ఇలా ఇవ్వు."

ఎందుకని ఆవిడ అడగలేదు, అది ఆవిడ పొరపాటు. పావుగంట తర్వాత వంటగది నుంచి సైకిలు షాపు తగలబడుతున్నంత వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే ఇంట్లోకెల్లా పెద్ద గిన్నెలో కొత్త రబ్బరు చుట్ట కుతకుతా ఉడుకుతోంది. ఆయన గరిటెతో తిప్పుతున్నాడు.

"ఫ్రేము వేడెక్కితేనే లెన్సు కూర్చుంటుంది," అన్నాడు గంభీరంగా.

"ఆ గిన్నెలో ఇక మీకే వండిపెడతాను," అని ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీలన్నీ తెరిచింది.

వేడి వేడి రబ్బరును తీసుకెళ్ళి ఆయన కారు బాడీ అంచు చుట్టూ తొడిగాడు. చక్కగా కూర్చుంది. అచ్చం కళ్ళజోడు ఫ్రేములాగే ఉంది. ఇక లెన్సు పెట్టడమే తరువాయి. అద్దాన్ని ఒక్కడూ మోసి ఎత్తి పెట్టలేడు కాబట్టి పక్కింటి డ్రిల్లు మాస్టారిని కేకేశాడు. మాస్టారు రిటైరై నాలుగేళ్ళయినా తెల్ల లాగు, మెడలో ఈల ఇంకా వదలలేదు. పిలిచిందే తడవు గోడ దూకి వచ్చారు.

"నేను ఈల వేస్తాను. ఒకటికి ఎత్తాలి, రెండుకి ఆనించాలి, మూడుకి నొక్కాలి. అర్థమైందా?" అన్నారు మాస్టారు. కారు ఎవరిదో ఆయన అప్పుడే మర్చిపోయినట్టున్నారు.

మూడుకి నొక్కారు. కింది అంచు రబ్బరు గాడిలో దిగింది. కళ్ళద్దాలాయన ముఖం వెలిగింది. పై అంచు నొక్కారు. పై అంచు దిగింది, కింది అంచు ఊడి వచ్చింది. కింద నొక్కితే కుడివైపు లేచింది. కుడివైపు సర్దితే రబ్బరే బాడీ నుంచి జారి ఊయలలా వేలాడింది. సబ్బు నీళ్ళు రాస్తే జారుతుందని మాస్టారు సలహా ఇచ్చారు. సబ్బు అయిపోయాక షాంపూ వచ్చింది. ఆ రోజు స్నానం చేయవలసిన మనిషి చేయలేదు గానీ కారు మాత్రం రెండు సార్లు తలంటుకుంది.

పన్నెండున్నర అయ్యేసరికి గేటు బయట నలుగురు చేరారు. ఒకాయన మూలల నుంచి మొదలెట్టాలన్నాడు. ఇంకొకాయన మూలలు చివర్న రావాలన్నాడు. మూడో ఆయన తన బావమరిదికి ఇలాంటి కారే ఉండేదని, అందుకే అమ్మేశాడని చెప్పాడు. లోపల నుంచి పెదవిలా ఉండే రబ్బరు అంచును వేళ్ళతో ఎత్తిపట్టే మనిషి కావాలని కళ్ళద్దాలాయన భార్యను పిలిచాడు. ఆవిడ కుట్టుపని వదిలి వచ్చి కారులో కూర్చుంది. బయట అద్దానికి చెరోవైపు ఇద్దరు.

"లాగు! లాగు!" అని ఆయన భార్యకు అరిచాడు.

డ్రిల్లు మాస్టారు ఉలిక్కిపడి ఒక చెయ్యి వదిలేసి తన లాగు పట్టుకున్నారు.

ఇంకేముంది, షాంపూ పూసిన అద్దం బానెట్ మీద సర్రున జారింది. కళ్ళద్దాలాయన దాని మీద బోర్లా పడి రెండు చేతులతో వాటేసుకున్నాడు. మాస్టారు అటువైపు నుంచి అంచు దొరకబుచ్చుకున్నారు. లోపల భార్య కంగారులో ముందుకు వంగి మోచేత్తో హారన్ నొక్కింది. పాతకాలం హారన్. ఒకసారి లోపలికి వెళ్ళింది మళ్ళీ పైకి రాలేదు. వీధంతా బోయ్ మని మోగిపోతోంది.

సరిగ్గా అప్పుడే గోడ మీద పెట్టిన కళ్ళద్దాలాయన ఫోను మోగింది.

"ఎవరైనా ఎత్తండి!" అని ఆయన అద్దం మీద నుంచే అరిచాడు.

గోడ అవతల నుంచి చూస్తున్న డ్రిల్లు మాస్టారి భార్య ఎత్తింది. ఆవిడ జీవితంలో అబద్ధం చెప్పి ఎరగదు. ఆ రోజు కూడా చెప్పలేదు.

"హలో... ఆయన మాట్లాడలేరండీ. కారు మీద బోర్లా పడున్నారు. ఆఁ, ముందు భాగం మీద... అద్దమా? అద్దం మొత్తం ఊడొచ్చేసిందండీ... కదిల్తే ప్రమాదమని మా ఆయనే పట్టుకున్నారు... హారనా? అది ఆగట్లేదండీ, లోపల వాళ్ళావిడ ఇరుక్కున్నారు... ఆఁ, జనం చాలామంది చేరారు... హలో? హలో?"

"ఎవరటండీ?" అని అడిగాడు కళ్ళద్దాలాయన.

"ఎవరో ఆడమనిషి. పేరు చెప్పలేదు. రైలు చప్పుడులో సరిగ్గా వినపడలేదు గానీ ఏడుస్తున్నట్టుంది. రాంగ్ నంబరేమో పాపం."

అద్దం పగలలేదు, అదొక్కటే అదృష్టం. దాన్ని మళ్ళీ మంచం మీదికి చేర్చి, హారన్ తీగ పీకి, కళ్ళద్దాలాయన మెట్టు మీద కూలబడ్డాడు. ఒంటిగంటన్నర. ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. ముప్పై ఏళ్ళ అనుభవం, వీధిలో ఉన్న పేరు, అన్నీ ఆ షాంపూ నీళ్ళలో కొట్టుకుపోయాయి. అవి పోతే పోయాయి. స్టేషను బయట అక్కయ్య సంచి పట్టుకుని నిలబడి అటూ ఇటూ చూస్తున్నట్టు, "అమ్మేశాడన్నమాట," అనుకుని టాక్సీ ఎక్కుతున్నట్టు కళ్ళకు కట్టింది. ఏడవడానికి సిగ్గుపడి మేస్త్రికి ఫోను చేశాడు.

"మీరు చెప్పినట్టే ముందు అద్దానికి పెట్టాను. ఉండట్లేదయ్యా," అన్నాడు. ఆయన మేస్త్రిని మీరు అనడం అదే మొదలు.

"రబ్బరు ఎక్కడుంది సార్?"

"కారుకుంది."

"కారుకెందుకు పెట్టారు? ముందు అద్దానికి పెట్టమన్నాను కదా!"

"ముందు అద్దం కోసమే కదా పెట్టాను!"

"ముందు అద్దం కాదు సార్. ముందు..." అని మేస్త్రి ఆగి, ఒక గుటక మింగి, "ముందు, అద్దానికి. తర్వాత, కారుకి," అన్నాడు.

కళ్ళద్దాలాయన తల తిప్పి కారుకున్న రబ్బరు వైపు చూశాడు. పక్కన నిలబడి వింటున్న భార్య ఆయన చేతిలోంచి ఫోను తీసుకుంది.

"నేను వాళ్ళావిణ్ణి. మొదటినుంచి చెప్పండి. మధ్యలో నేను మాట్లాడను," అంది. అటు నుంచి వచ్చింది మొత్తం వింది. రెండే ప్రశ్నలు వేసింది. "తాడు ఏ గాడిలో, బయటిదా లోపలిదా? ... రెండు కొసలూ కింద మధ్యలో కలవాలా?" తర్వాత ఫోను మొగుడి చేతిలో పెట్టి, కుట్టుమిషను సొరుగులోంచి బొందు తాడు చుట్ట తీసుకుని పడకగదిలోకి నడిచింది.

కారు నుంచి ఊడదీసిన రబ్బరును మంచం మీది అద్దం చుట్టూ తొడగడానికి అయిదు నిమిషాలు పట్టింది. లోపలి గాడిలో తాడు పరచడానికి ఇంకో అయిదు. పైజామాలకు బొందులు ఎక్కించి ఎక్కించి అరిగిన వేళ్ళు అవి. కొసలు రెండూ కింద మధ్యలో దాటించి వేలాడేసింది. ముగ్గురూ అద్దాన్ని మోసుకెళ్ళి కారుకు ఆనించారు. మాస్టారు ఈల నోట్లో పెట్టుకోబోతే ఆవిడ ఒక్క చూపు చూసింది. ఆయన ఈల బనీనులోకి వేసేసుకున్నారు. ఆవిడ లోపల కూర్చుని తాడు కొస మెల్లగా లాగుతూ పోయింది. తాడు వచ్చిన చోటల్లా రబ్బరు పెదవి బాడీ అంచు దాటి లోపలికి దొర్లింది. బయట నుంచి మొగుడు అరచేత్తో తడుతూ పోయాడు. కింద అంచు, మూల, పక్క, అక్కయ్య మూల, చివర్న పై అంచు. తాడు మొత్తం ఆవిడ ఒళ్ళోకి వచ్చేసింది. అద్దం కూర్చుంది.

"పైజామాకి బొందెక్కించినంత పని," అంది ఆవిడ తాడు చుట్టుకుంటూ. "దీనికి పొద్దుట్నుంచి ఇంతమంది మగాళ్ళు కావాల్సొచ్చారా?"

జనం ఒక్కొక్కరే జారుకున్నారు. రబ్బరు పైన అందానికి పెట్టాల్సిన మెరుపు పట్టీని మేస్త్రి వచ్చాక పెట్టుకోవచ్చు. కళ్ళద్దాలాయన నాలుగు బిందెల నీళ్ళు కారు మీద కుమ్మరించి, లోపల అంచు సీట్లో కూర్చుని మూల కింద అరచెయ్యి పట్టాడు. చుక్క పడలేదు. ఇంకాస్త సేపు పట్టి చూశాడు. నాన్న చెప్పిన నెలాఖరు ఇన్నాళ్ళకు వచ్చింది. కళ్ళు చెమర్చాయి. వాటిని మాత్రం ఏ రబ్బరూ ఆపలేదు.

సరిగ్గా మూడున్నరకి మొగుడూ పెళ్ళాం కారులో బయల్దేరారు. మధ్యలో ఆగితే తోయడానికి మనిషి ఉండాలి కదా అని ఆవిడ కూడా వచ్చింది.

నాలుగు గంటల బండి నాలుగూ పదికి వచ్చింది. దిగినవాళ్ళు దిగారు, వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. అక్కయ్య రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. కళ్ళద్దాలాయన ప్లాట్‌ఫారం చివరిదాకా వెళ్ళి వచ్చాడు. "వచ్చి, దూరం నుంచి చూసి, వెళ్ళిపోయిందంటావా?" అని భార్యను అడిగాడు. "కారు ఇంత మెరుస్తుంటే కనపడదా?" అంది ఆవిడ. ఇంకో పావుగంట చూసి ఇంటికి తిరిగి వచ్చారు. గేటు దగ్గరే డ్రిల్లు మాస్టారి భార్య ఎదురైంది.

"మీరు వెళ్ళిన పది నిమిషాలకి ఒక పెద్దావిడ టాక్సీలో వచ్చారండీ. మన ఊరికి ముందు స్టేషన్లోనే రైలు దిగేసి వచ్చారట. మీ గురించి అడిగారు. ఇప్పుడే కారుతో సహా స్టేషనుకెళ్ళారని చెప్పాను. 'వాళ్ళావిణ్ణి కూడానా?' అన్నారు. అవునన్నాను. అయ్యో అనుకుంటూ అదే టాక్సీలో పరిగెత్తారు."

"మేము స్టేషన్లోనే ఉన్నాం కదా, కనపడలేదే!" అన్నాడాయన.

భార్య మాత్రం మాస్టారి భార్య ముఖంలోకి కాసేపు చూసి, "మధ్యాహ్నం ఫోన్లో మీరు ఏమేం చెప్పారో ఒక్కసారి మళ్ళీ చెప్పండి," అంది. మాస్టారి భార్య ఒక్క ముక్క తప్పకుండా చెప్పింది. విన్నాక ఆవిడ కారు తలుపు మళ్ళీ తీసింది.

"ఎక్కండి. వదిన మనల్ని వెతుకుతున్నది రైల్వే స్టేషన్లో కాదు. పోలీస్ స్టేషన్లో."

పోలీస్ స్టేషన్ వరండాలో బల్ల మీద అక్కయ్య సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. గొంతు మాత్రం ఏమీ మారలేదు. ఎదురుగా ఒక కానిస్టేబులు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఇవాళ యాక్సిడెంట్ కేసేదీ రాలేదని పదిసార్లు చెప్పాను."

"పదకొండోసారి కూడా నమ్మను. మా వాడు ఎవర్నీ గుద్దే రకం కాదు. వాడు బండి నడిపితే సైకిళ్ళు దాటిపోతాయి. ఎవరో వచ్చి వాణ్ణే గుద్దుంటారు. వాడికి దెబ్బలేమైనా తగిలాయా, అది చెప్పండి ముందు!"

కారు ఆవరణలోకి వచ్చి కీచుమని ఆగింది. ఆ చప్పుడుకి అక్కయ్య మాట మధ్యలో ఆపేసి లేచింది. మెట్లు దిగి వచ్చింది. కారు వంక చూడలేదు. తమ్ముడి తల, భుజాలు, చేతులు, కాళ్ళు ఒక్కొక్కటే చూసింది. అన్నీ ఉన్నాయని తేలాక సంచీతో భుజం మీద ఒక్కటి వేసింది. తర్వాత ఆ భుజం మీదే తల పెట్టి ఏడ్చింది. తమ్ముడు ఒళ్ళంతా షాంపూ వాసన వేస్తూ నిలబడ్డాడు.

"అమ్మలేదక్కయ్యా," అన్నాడు చివరికి. "చూడు. ఉంది. తుక్కు కింద పారేస్తానన్నది విసుగులో అన్న మాట. దానికి ఎనిమిదేళ్ళుగా..."

అక్కయ్య కళ్ళు తుడుచుకుని వింతగా చూసింది. "తుక్కు అన్నందుకు నేను వెళ్ళిపోయాననుకున్నావా? ఆ మాట నువ్వు నాన్న ఉన్నప్పుడు కూడా నెలకోసారి అనేవాడివి కదరా."

"మరి కంచం ముందు నుంచి దేనికి లేచావు?"

"పారేసేదేదో నాకిచ్చెయ్యరా అన్నాను. దానికి నువ్వేమన్నావు?"

ఆయనకు గుర్తు రాలేదు. ఎంత వెతుక్కున్నా ఆ భోజనంలో తుక్కు మాట తర్వాత అంతా ఖాళీగా ఉంది.

"'నువ్వేం చేసుకుంటావక్కా, నీకు నడపడం వచ్చా?' అన్నావు. అని నవ్వావు. అందరూ నవ్వారు. నీ పెళ్ళాం తప్ప."

"నాకు గుర్తుంది," అంది భార్య, నెమ్మదిగా.

 కళ్ళద్దాలాయనకు పదహారేళ్ళు నిండగానే నాన్న ఖాళీ మైదానానికి తీసుకెళ్ళి నడపడం నేర్పాడు. ఆ సాయంత్రాలన్నీ అక్కయ్య కూడా వచ్చేది. అంచు సీట్లో కూర్చుని గేరు వైపే చూసేది. నేర్పమని అడిగే ఉంటుంది. అడిగితే నాన్న ఏమని ఉంటాడో ఊహించడం కష్టం కాదు, ఎందుకంటే ముప్పై ఏళ్ళు దాటాక తనూ అదే అన్నాడు. తప్పు ఒకటి చేసి, ఇంకొకదానికి ఎనిమిదేళ్ళు బాధపడ్డాడు. పొడిగా కూర్చోబెడదామనుకున్నది ఏ సీట్లోనో, ఆవిడ కూర్చోవాలనుకున్నది ఆ సీట్లో కానే కాదు.

"క్షమించక్కయ్యా," అన్నాడు. జీవితంలో ఆ మాట ఆయన కొనుగోలుదారులతో తప్ప ఎవరితోనూ అనలేదు.

"సర్లే. నాన్నని అడిగాను, నిన్నడిగాను, ఇక ఎవర్నీ అడక్కుండా నేర్చుకున్నాను," అంటూ అక్కయ్య సంచిలోంచి ఒక కార్డు తీసి చూపించింది. డ్రైవింగ్ లైసెన్సు. ఫోటోలో ఆవిడ ఎవర్నో తిట్టబోతున్నట్టు ఉంది. "అరవై మూడేళ్ళకి. మూడోసారికి పాసయ్యాను. ఆ సంగతి చెబుదామనే వస్తున్నాను."

"మరి ఫోన్లో 'కారు ఉంటే తీసుకురా' అన్నావే? నేను అమ్మేశానని అనుమానంతోనే కదా?"

"ఉంటే అంటే ఉంటే అని. గొడుగుంటే తీసుకురా అనమా? దాన్లో ఏముందిరా?"

భార్య నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగింది. అక్కయ్య కారు చుట్టూ వచ్చి, స్టీరింగు వైపు తలుపు దగ్గర ఆగి, చెయ్యి చాపింది.

"తాళాలు."

"అక్కయ్యా, దీని గేరు కొంచెం తిరకాసు. రెండోది పడాలంటే ముందు..."

"జరుగు," అంది అక్కయ్య.

జరిగాడు. భార్య వెనక సీట్లో సర్దుకుని కూర్చుంది. అక్కయ్య సీటు ముందుకు లాక్కుని, స్టీరింగును రెండు చేతులతో పట్టుకుని, కాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత తాళం తిప్పింది. కానిస్టేబులు పరిగెత్తుకెళ్ళి తన మోటారుసైకిలును గేటు పక్క నుంచి దూరంగా జరుపుకున్నాడు. కారు ఒక్కసారి ఎగిరి, ఆగి, మళ్ళీ ఎగిరి, గేటు స్తంభానికి వెంట్రుకవాసి ఎడంతో వీధిలోకి దూకింది. అక్కయ్య గట్టిగా నవ్వుతోంది.

అంత కష్టపడి బిగించిన ముందు అద్దంలోంచి కళ్ళద్దాలాయన ఆ రోజు దారి చూసింది లేదు. ఇల్లు చేరేదాకా కళ్ళు గట్టిగా మూసుకునే కూర్చున్నాడు.